ఉంటానమ్మా

మనం ప్రార్థనలో నోటితో అన్న మాటను దేవుడు వింటాడా, ఆ మాట వెనక మనసులో ఉన్నదాన్ని వింటాడా? ఈ అనుమానం నాకు పదకొండేళ్ళుగా ఉంది.

అప్పట్లో నేను అమెరికాలో, క్రాన్‌బరీ అనే ఊళ్ళో మందుల గోడౌన్‌లో రెండు షిఫ్టులు చేసేవాణ్ణి. మోకాళ్ళు వాచిపోయేవి. రోజూ పొద్దున్నే మంచం పక్కన కూర్చుని "ప్రభువా, నాకు కాస్త విశ్రాంతి దయచేయి" అని అడిగేవాణ్ణి. మూడు వారాలు అడిగాను. నాలుగో వారం శుక్రవారం నాడు మేనేజర్ మమ్మల్ని ముప్ఫైమందిని పిలిచి, సోమవారం నుంచి రానక్కర్లేదన్నాడు. ఈ సంగతి మా పాస్టర్ దైవాశీర్వాదం గారికి చెబితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "ఈసారి అడిగేటప్పుడు ఎన్ని రోజులు కావాలో కూడా చెప్పండి బ్రదర్" అన్నారు. నేనూ నవ్వాను. ఐదు నెలల తర్వాత అదే గోడౌన్‌లో ఒక్క షిఫ్టు పని దొరికింది. ఇంతకీ దేవుడు నా మాట విన్నట్టా, మనసు విన్నట్టా? నేను బాపట్లలో ఇంటర్ వరకే చదివాను. పెద్ద చదువులు చదివినవాళ్ళకు దీనికి జవాబు తెలిసే ఉంటుంది. నాకు తెలియదు. తెలియకపోయినా ఇన్నాళ్ళూ పెద్ద ఇబ్బంది లేకుండా గడిచిపోయింది, పోయిన ఏడాది ఆకురాలు కాలం వరకు.

ఆ ఏడు సెప్టెంబరు మొదటి వారంలో మా అమ్మాయి ఫెబీ స్పెయిన్ వెళ్ళింది. యూనివర్సిటీలో మూడో సంవత్సరం. ఒక సెమిస్టరు సలమాంకా అనే ఊళ్ళో ఉండి స్పానిష్ చదవాలి, డిసెంబరు పంతొమ్మిదికి తిరిగి రావాలి. మాకు ఒక్కతే పిల్ల. ఈ ప్రయాణం దానికంటే నా భార్య లూసీకే ఎక్కువ ఇష్టం. లూసీ పంతొమ్మిదేళ్ళు నర్సింగ్ హోమ్‌లో నర్సుగా చేసింది. అక్కడ సగం మంది స్పానిష్ మాట్లాడే ముసలివాళ్ళు. "ఆగ్వా అంటే నీళ్ళు. ఇన్నేళ్ళూ ఆ ఒక్క ముక్కతో నెట్టుకొచ్చాను. నువ్వలా ఉండకూడదు" అని ఫెబీతో అనేది.

అంతకు రెండేళ్ళ ముందు లూసీకి రొమ్ములో క్యాన్సర్ గడ్డ వస్తే ఆపరేషన్ చేసి, మందులు పెట్టి, తగ్గిపోయిందన్నారు. ఆరు నెలలకోసారి స్కాన్. ఆగస్టులో తీయాల్సిన స్కాన్‌ను లూసీయే ఫోన్ చేసి సెప్టెంబరు రెండో వారానికి జరిపించుకుంది. "పిల్ల ప్యాకింగ్ హడావుడిలో ఇదెందుకండీ" అంది. నేను అదీ నిజమే అనుకున్నాను.

ఫెబీ దిగిన మర్నాడు ఫోన్ చేసింది. అక్కడ రాత్రి భోజనం తొమ్మిదిన్నరకట. మేముండే ప్లెయిన్స్‌బరోలో అప్పుడు మధ్యాహ్నం మూడున్నర. నేను షిఫ్టు దిగి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునే వేళ. ఫోన్ స్పీకర్‌లో పెట్టి సోఫా చేతి మీద ఉంచేవాళ్ళం.

"ఆఁ, చెప్పు" అన్నాను.

"నాన్నా! అదే! అదే!" అని అరిచింది.

"ఏంటమ్మా?"

"నువ్వు ఫోన్ ఎత్తి చెప్పు అంటావ్ కదా. ఐ ఆల్వేస్ థాట్ అది రూడ్ అని. ఇక్కడ అందరూ అదే అంటున్నారు! పిలార్ ఆంటీ ఫోన్ ఎత్తి 'దీమే' అంటుంది. దీమే అంటే చెప్పు. లిటరల్లీ చెప్పు!"

పిలార్ గారంటే ఫెబీ ఉంటున్న ఇంటావిడ. డెబ్బై ఏళ్ళుంటాయి, భర్త పోయాడు.

"అయితే వాళ్ళు మన బాపట్ల వాళ్ళే" అంది లూసీ. "ఏం పెట్టింది ఇవాళ?"

"పొటేటో ఆమ్లెట్."

"అట్టులో బంగాళదుంపా? మరి బాపట్ల కాదులే."

నవ్వుకున్నాం. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఇక్కడి బళ్ళో టీచర్లు దాని పేరును ఫీబీ, ఫీబీ అని సాగదీసేవాళ్ళు. ఆవిడ మాత్రం 'ఫేబే' అంటోందట, చివర 'బే' అని, మన చర్చిలో వాక్యం చదివేటప్పుడు పలికినట్టే. లూసీ ఆ మాటకు చాలా సంతోషించింది. సాయంత్రం మా ఎదురు బిల్డింగ్ రాధారాణి గారికి ఫోన్ చేసి మరీ చెప్పింది.

మూడో రోజు ఫోన్లో నవ్వు లేదు.

ఆ ఊళ్ళో గోడలన్నీ ఒకే రంగు రాయట, తేనె రంగు. ఏ సందు చూసినా ఒకటే. క్లాసు నుంచి వస్తూ దారి తప్పింది. మధ్యాహ్నం రెండున్నరకు కొట్లన్నీ మూసేశారు, వీధిలో మనిషి లేడు. ఫోన్లో చార్జింగ్ లేదు. చివరకు ఒక ముసలాయన కనబడితే అడిగింది. ఆయన చాలాసేపు ఏదో చెప్పి, మోచెయ్యి పట్టుకుని మలుపు దాకా నడిపించి వెళ్ళిపోయాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"నాలుగేళ్ళు చదివాను అమ్మా స్పానిష్. 'ఎ' గ్రేడ్ వచ్చింది నాకు. ఇక్కడ ఏం అర్థం అవ్వట్లేదు. టెస్ట్ పెట్టి కింది క్లాస్‌లో వేశారు. అందరూ ఆల్రెడీ ఫ్రెండ్స్ అయిపోయారు. యూనివర్సిటీ డోర్ మీద రాయిలో ఒక కప్ప ఉంటుంది. దాన్ని కనిపెడితే ఎగ్జామ్స్ పాస్ అంట. అందరికీ కనబడింది. నాకే కనబడలేదు."

"కప్పేగా, ఎక్కడికి పోతుంది? రాతి కప్ప ఎగరదుగా" అంది లూసీ.

"అమ్మా, నవ్వొద్దు. లంచ్ అయ్యాక ఆంటీ విండో షటర్స్ కిందికి లాగేస్తుంది. ఆఫ్టర్నూన్ మొత్తం చీకటి. పడుకుని లేస్తే ఏ టైమో తెలియట్లేదు. నేను వచ్చేస్తా. ప్లీజ్ అమ్మా."

"మూడు రోజులకేనా? నేను అమెరికా వచ్చిన మూడో రోజు ఏం చేశానో తెలుసా? కింద లాండ్రీ రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. ఒకావిడ వచ్చింది. సబ్బు లేక ఏడుస్తున్నాననుకుని తన డబ్బాలోంచి సబ్బు పోసి వెళ్ళింది."

ఫెబీ ముక్కు ఎగబీల్చింది. నవ్వు మాత్రం రాలేదు. "డిసెంబర్ చాలా దూరం" అంది.

"కళ్ళు మూసి తెరిచేలోగా వస్తుంది. బై బంగారం" అని లూసీ ఫోన్ పెట్టేసింది.

ఆ వారమే స్కాన్. డాక్టరమ్మ కంప్యూటర్ తెర మా వైపు తిప్పి చూపించింది. నాకు నల్లటి మబ్బులు తప్ప ఏమీ కనబడలేదు. లూసీ నర్సు కదా. డాక్టరమ్మ నోరు తెరవకముందే "లివర్" అంది. తర్వాత "బోన్స్ కూడానా?" అని అడిగింది. డాక్టరమ్మ తల ఊపింది. ఇంకేం చేయవచ్చో చెప్పింది. చేయవచ్చు అన్న ప్రతిదాని చివరా ఒక 'కానీ' ఉంది.

కార్లో కూర్చున్నాక లూసీ సీటు బెల్టు పెట్టుకుని అంది: "ఫెబీకి చెప్పొద్దు. ఇన్ఫెక్షన్ అని చెప్పండి."

"అబద్ధం కదా లూసీ?"

"ఇన్ఫెక్షన్ కూడా ఉంది. యూరిన్ రిపోర్ట్ చూడండి."

నేను నిజంగానే రిపోర్ట్ తీసి చూశాను. ఉంది. ఆ కాగితాన్ని పట్టుకునే మూడు వారాలు మా అమ్మాయితో మాట్లాడాను. ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ ప్రార్థన చేసుకునేవాణ్ణి, నా మాట కాదు ప్రభువా, నా మనసు చూడు అని. అంతలోనే నా మనసులో ఏముందో చూస్తే మాత్రం మంచిదా అనిపించేది.

రాధారాణి గారికి మాత్రం చెప్పక తప్పలేదు. మేం చర్చికి, ఆవిడ గుడికి వెళ్ళినా, పదిహేనేళ్ళుగా ఒకరి తాళాలు ఒకరి దగ్గర ఉంటాయి. రోజూ డబ్బాలో చారన్నం తెచ్చేది. లూసీ రెండు ముద్దలు తిని "ఉప్పు తక్కువైంది రాణీ" అనేది.

"నీకు రుచి పోయి నా చారును అంటున్నావా వదినా? నేను పోతే ఎవరు తెస్తారో చూస్తా" అని ఈవిడ. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆవిడ డబ్బాకు మూత పెట్టి, మళ్ళీ తీసి, ఇంకో ముద్ద కలిపింది.

ఒకరోజు ఆవిడే అంది: "అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి. పిల్లకు చెప్పకపోవడం తప్పు. రేపు మనల్ని అడుగుతుంది."

"చెప్తే వచ్చేస్తుంది" అంది లూసీ. "దానికి ఇప్పుడు వచ్చెయ్యడానికి ఒక సాకు కావాలి రాణీ. నేను దాని సాకు అవ్వను."

సెప్టెంబరు నెలాఖరుకు లూసీని హాస్పిటల్‌లో చేర్చారు. కళ్ళు పచ్చబడ్డాయి. వీడియోలో కనబడకూడదని కెమెరా పాడైందన్నాం. అక్టోబరు ఒకటో తారీఖు మధ్యాహ్నం నేను హాస్పిటల్ పార్కింగ్‌లో ఉండగా ఫెబీ ఫోన్ చేసింది. అది ఫోన్ చేసే వేళ కాదు.

"నాన్నా, అమ్మ వాయిస్ ఎందుకు అలా ఉంది? టూ వీక్స్ ఇన్ఫెక్షన్ ఏంటి? వీడియో ఎందుకు ఆన్ చేయట్లేదు?" ఊపిరి తీసుకుంది. "ఈజ్ ఇట్ బ్యాక్?"

నేను "ఆఁ" అన్నాను.

అటువైపు ఏదో తలుపు మూసిన చప్పుడైంది. "హౌ బ్యాడ్?"

"డాక్టర్లు చూస్తున్నారమ్మా."

"నేను టికెట్ చూస్తున్నా. ఫస్ట్ అమ్మతో మాట్లాడతా. అమ్మ లేచి ఉన్నప్పుడు కాల్ చెయ్యి నాన్నా. ప్రామిస్?"

పైకి వెళ్ళి లూసీకి చెప్పాను, దానికి తెలిసిపోయిందని. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. దిండు సరిచేయమంది. చేశాను. కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ, పదేళ్ళ కిందట చెప్పాల్సింది ఇప్పుడు గుర్తొచ్చినట్టు అంది:

"ఫెబీకి ముందు ఇద్దరు పోయారు కదండీ. మూడోసారి నిలిచినప్పుడు నేనొక మొక్కుబడి చేసుకున్నాను. మీకు చెప్పలేదు. ఈ బిడ్డ బతికితే చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్తానని."

"చెప్పలేదుగా?"

"నలుగురిలో నిలబడితే నాకు గొంతు రాదని మీకు తెలుసు కదా. ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం అనుకుంటూ ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. ఇచ్చినందుకు థాంక్స్ కూడా చెప్పనిదాన్ని. ఇప్పుడు దాన్ని నా కోసం వెనక్కి లాక్కోవడానికి నాకు ముఖం చెల్లట్లేదు."

"దేవుడు అలాంటివన్నీ పట్టుకుని కూర్చోడు లూసీ."

"మీకెలా తెలుసు?"

పోట్లాటకు అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను గ్లాసులో నీళ్ళు పోసి స్ట్రా పెట్టి ఇచ్చాను.

మూడున్నరకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను. అప్పటికే నొప్పి మందు ఇచ్చారు. మాట కొంచెం ముద్దగా వస్తోంది.

"అమ్మా, నేను రానా? నువ్వు రా అంటే రేపే వచ్చేస్తా."

"కప్ప కనబడిందా?" అంది లూసీ.

"అమ్మా! సీరియస్‌గా."

"క్లాసులో ఏం చెప్తున్నారు?"

"ఫ్యూచర్ టెన్స్. నేను చేస్తా, నేను వెళ్తా, నేను ఉంటా. అదంతా. అమ్మా, డిసెంబర్ నైన్టీన్త్‌కి రానా? ఇప్పుడే రానా? నువ్వు చెప్పు. ఏది చెప్తే అది."

లూసీ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. పక్క మంచం దగ్గర మెషిన్ కూస్తోంది.

"అమ్మా? అమ్మా, ఉన్నావా?"

"ఆఁ..." అంది లూసీ. "ఉంటానమ్మా."

అని ముఖం ఫోన్ మీంచి పక్కకు తిప్పుకుంది. అలసిపోయిందని నేను ఫోన్ తీసుకున్నాను. అటువైపు ఫెబీ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఓకే. ఓకే అమ్మా. ఓకే" అని పెట్టేసింది.

మర్నాడు నేనే అడిగాను. "ఏమనుకున్నావమ్మా? టికెట్ సంగతి?"

"అమ్మతో మాట్లాడేశాను కదా నాన్నా. డిసెంబర్‌కి వస్తా. నేను స్ట్రాంగ్‌గా ఉండాలి కదా, తను అంత స్ట్రాంగ్‌గా ఉంటే."

లూసీ ఎలాగో ఒప్పించిందిలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే నా గుండె తేలికపడింది. మోకరించి స్తోత్రం కూడా చెప్పాను. రమ్మని నేనొక్క మాట అంటే వచ్చేది. అనలేదు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు. మా అమ్మాయి స్పెయిన్‌లో సంతోషంగా ఉన్నది ఆ తొమ్మిది రోజులే. కప్ప కనబడింది. రాతి పుర్రె మీద కూర్చుని ఉందట. దాని చుట్టూ గీత గీసి ఫోటో పంపింది. క్లాసులో అదితి అనే టెక్సాస్ పిల్ల స్నేహమైంది. పిలార్ గారికి అన్నం వార్చడం నేర్పించింది. తను తడబడుతూ చెప్పిన స్పానిష్ జోకుకు ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుందట. మధ్యాహ్నం చీకటి గదిలో హాయిగా నిద్ర పడుతోందంది. నేను ఇవన్నీ లూసీకి చెప్పేవాణ్ణి. మొదట్లో పెదవి కదిపేది. తర్వాత కదపలేదు.

పదో రోజు పొద్దున్న పదకొండుకు లూసీ ప్రభువునందు నిద్రించింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాను. రాధారాణి గారు కాళ్ళ దగ్గర ఉన్నారు. పాస్టర్ గారు దారిలో ఉన్నారు. అరగంట తర్వాత కారిడార్‌లోకి వచ్చి ఫెబీకి ఫోన్ చేశాను. వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరో ఆడవాళ్ళ నవ్వు.

"దీమే, నాన్నా!" అంది.

చెప్పాను.

రెండో రోజు సాయంత్రం నెవార్క్ ఎయిర్‌పోర్టు నుంచి కార్లో తీసుకొస్తున్నాను. ఫెబీ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ముందుకు చూస్తోంది. టర్న్‌పైక్ హైవే ఎక్కాక అంది:

"ఉంటానంది నాన్నా."

"ఏంటమ్మా?"

"అమ్మ. నేను ఇప్పుడు రానా, డిసెంబర్‌లో రానా అని అడిగితే, ఉంటానమ్మా అంది. ఐ విల్ బీ హియర్. ఐ విల్ స్టే. నువ్వూ విన్నావ్. స్పీకర్‌లో ఉంది." నా వైపు తిరిగింది. "అందుకే నేను రాలేదు. ప్రామిస్ చేసింది అనుకున్నా. అమ్మ నాతో ఎప్పుడూ ఏదీ బ్రేక్ చేయలేదు. ఎందుకలా అంది?"

అప్పటిదాకా నాకు ఆ సంగతి తట్టనే లేదు. మేం ఇండియాకు ఫోన్ చేసినా, రాధారాణి గారితో మాట్లాడినా చివర్లో "సరే, ఉంటాను" అంటాం. అది మాట కూడా కాదు, ఫోన్ పెట్టేసే ముందు వచ్చే ఊపిరి లాంటిది. ఫెబీతో మాత్రం ఎప్పుడూ "బై బంగారం". పుట్టినప్పటి నుంచీ అంతే. ఆ రోజు మందు మత్తులో లూసీ ఎవరితో మాట్లాడుతున్నాననుకుందో. బాపట్లలో వాళ్ళమ్మతో అనుకుందేమో. ఈ పిల్ల చిన్నప్పటి నుంచీ వెయ్యిసార్లు వినీ చెవిన పెట్టని మాట, స్పానిష్ క్లాసులో భవిష్యత్ కాలం వల్లెవేస్తున్న వారంలో, మొదటిసారి విడదీసి విన్నది. లేక, లూసీ నిజంగానే ఉంటానని అందా? ఉన్నావా అని అడిగితే వచ్చిన జవాబు కదా అది?

ఏం చెప్పను? అది ఉత్త బై అమ్మా అంటే, తెలుగు సరిగ్గా రాక తల్లి దగ్గరికి రాలేకపోయానని ఆ పిల్ల బతికినన్నాళ్ళూ కుమిలిపోతుంది. చెప్పకపోతే, తల్లి మాట ఇచ్చి తప్పిందన్న నింద లూసీ మీద పడుతుంది. లూసీ ఇప్పుడు దేన్నయినా మోయగలదు అనిపించింది.

"ఉండాలనే అనుకుందమ్మా" అన్నాను.

ఫెబీ మళ్ళీ ముందుకు తిరిగింది. నేను దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయి, పక్క ఊరు దాకా వెళ్ళి తిరిగొచ్చాను.

భూస్థాపన అయిన వారానికి, శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. మా రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో నలభైమంది. కుర్చీలు చర్చి నుంచి తెచ్చారు. వంట సంగతంతా రాధారాణి గారే చూశారు. ప్రార్థనయ్యాక నేను కిచెన్ గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఫెబీ కాగితం ప్లేట్ల కట్ట విప్పుతోంది. రాధారాణి గారు చెవికి భుజానికి మధ్య ఫోన్ నొక్కిపెట్టి, పులిహోర కలుపుతూ వాళ్ళక్కతో మాట్లాడుతున్నారు.

"ఆఁ... ఆఁ... అంతేలే అక్కా. ఆ పిల్ల ముఖం చూడలేకపోతున్నాం. సరే, ఇక్కడ జనం ఉన్నారు. ఉంటాను మరి."

ఫెబీ చేతులు ఆగాయి.

"ఆంటీ" అంది.

"ఏం తల్లీ?"

"ఉంటాను అంటే?"

"అంటే ఏముందమ్మా? బై. ఫోన్ పెట్టేసేటప్పుడు అంటాం కదా." గరిటె అంచు గిన్నెకు కొట్టి పక్కన పెట్టారావిడ. "మీ అమ్మ అయితే ఉంటాను ఉంటాను అని మూడుసార్లు అని, మళ్ళీ పావుగంట మాట్లాడేది."

"ఓ" అంది ఫెబీ.

ప్లేట్లు బల్ల మీద పెట్టింది. అంచులు సమంగా ఉండేలా రెండు చేతులతో సర్దింది. తల ఎత్తి గుమ్మంలో ఉన్న నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. తర్వాత మంచినీళ్ళ సీసాల పెట్టె ఎత్తుకుని నా పక్కనుంచే హాల్లోకి వెళ్ళింది.

జనం వెళ్ళాక దాని గది తలుపు దగ్గరికి వెళ్ళాను. "అమ్మ ఏ అర్థంతో అందో నాకు తెలియదు ఫెబీ. ఒట్టు పెట్టకూడదు కానీ, నిజంగా తెలియదు."

"ఐ నో, డాడ్" అంది లోపలి నుంచి.

అప్పటి నుంచి నేను నాన్న కాదు, డాడ్‌నే. మళ్ళీ స్పెయిన్ వెళ్ళలేదు. సెమిస్టర్ వదులుకుంటున్నట్టు ఒక ఫారం నింపి పంపింది. పిలార్ గారు దాని బట్టలూ పుస్తకాలూ ఒక అట్టపెట్టెలో సర్ది పంపారు. పెట్టె రెండు వారాలు హాల్లోనే ఉంది, ఎవరం విప్పలేదు. ఫెబీ మధ్యాహ్నాలు కిటికీ బ్లైండ్లు కిందికి దించుకుని పడుకునేది. నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి ఇల్లంతా చీకటిగా ఉండేది. అన్నం తిన్నావా అంటే "యా". బయటికి వెళ్దామా అంటే "ఐ యామ్ గుడ్". రాధారాణి గారు చారు తెస్తే "థాంక్యూ ఆంటీ" అని తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టేది. ఒక్క తెలుగు ముక్క మాట్లాడేది కాదు. ఒకసారి నేనే ఇంగ్లీషులో ఏదో అడగబోయి, తప్పు వచ్చి ఆగిపోయాను. దిద్దుతుందేమోనని చూశాను. దిద్దలేదు.

తెలుగు లేకుండా నేను మాత్రం ఎవరితో మాట్లాడగలను? ఆ నెలంతా ప్రార్థనకు కూర్చుంటే మాటే వచ్చేది కాదు. ఏ మాట అంటే ఏమవుతుందోనని ఊరకే కూర్చుని లేచిపోయేవాణ్ణి.

నవంబరు చివరి ఆదివారం. మా తెలుగు ఆరాధన మధ్యాహ్నం మూడు గంటలకు, ఇక్కడివాళ్ళ చర్చి హాలు అద్దెకు తీసుకుని జరుపుకుంటాం. వస్తావా అని ఫెబీని అడగలేదు. నేను బూట్లు వేసుకుంటుంటే గదిలోంచి వచ్చి కారు తాళాలు తీసుకుంది. దారిలో చెట్లన్నీ మోడులై ఉన్నాయి. చివరి వరసలో కూర్చున్నాం. పాటలయ్యాక పాస్టర్ గారు ఎప్పటిలాగే అడిగారు: "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

నేను లేచాను. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగారు. లూసీ గురించి చెప్తాననుకుని కొందరు అప్పుడే కర్చీఫులు తీశారు. పాస్టర్ గారు మైకు తెచ్చి నా చేతికిచ్చారు. అది మామూలుగా కొంచెం గీమంటుంది. ఆ గోల తగ్గేదాకా ఆగాను.

"ఇరవై ఏళ్ళ కిందట మా ఫెబీ బతికి పుట్టింది" అన్నాను. "అందుకు నా భార్య లూసీ పేరున ప్రభువుకు కృతజ్ఞతలు చెల్లిస్తున్నాను."

ఎవరో ఆమెన్ అన్నారు. మిగతావాళ్ళకు ఇది ఇప్పుడెందుకో అర్థం కాలేదు. ఇంకేమైనా చెప్తానేమోనని పాస్టర్ గారు నా ముఖంలోకి చూశారు.

"అంతేనా బ్రదర్?"

"అంతేనండి. ఇది బాకీ ఉండిపోయింది."

మైకు ఆయనకు ఇచ్చేశాను. నేను లేచాక నా కుర్చీలో పెట్టిన తన కోటును ఫెబీ తీసి ఒళ్ళో వేసుకుంది. కూర్చున్నాను.